ఇంటి ఇంటర్నెట్ స్పీడ్, నాణ్యత ఎలా కొలవాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

మా కాలనీలో ఎవరింట్లో నెట్ నెమ్మదించినా ముందు నాకే ఫోన్ వస్తుంది. బంధువుల ఇళ్లకి వెళ్లినా కాఫీ తాగేలోపే ఎవరో ఒకరు రౌటర్ చూపిస్తారు. చెప్పిందే మళ్లీ మళ్లీ చెబుతున్నాను కాబట్టి అందరికీ పనికొచ్చేలా ఇక్కడ రాసి పెడుతున్నాను. నేను పట్టుబట్టేది ఒకే విషయం మీద. లోపం ఇంట్లో ఉందా, వీధి లైన్లో ఉందా, ఎక్కడో దూరాన ఉన్న సర్వర్‌లో ఉందా అన్నది ముందు తేల్చుకోవాలి. స్పీడ్ టెస్టులో పెద్దక్షరాలతో కనిపించే అంకె ఒక్కటే చూస్తే అది తేలదు.

100 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నాను. ఫైలు డౌన్‌లోడ్ పెడితే 11 మాత్రమే చూపిస్తోంది. మోసం చేస్తున్నారా?

లేదండీ, మీకు పూర్తిగానే వస్తోంది. ప్లాన్‌లో చెప్పేది మెగాబిట్లలో. డౌన్‌లోడ్ చేసే సాఫ్ట్‌వేర్ చూపేది మెగాబైట్లలో. 8 బిట్లు కలిస్తే ఒక బైటు. 100ని 8తో భాగిస్తే 12.5. డేటా ప్యాకెట్లనే చిన్న ముక్కలుగా వస్తుంది, ప్రతి ప్యాకెట్ మీదా చిరునామాలు, సరిచూసుకునే సమాచారం ఉంటాయి, వాటికి కొంత పోతుంది. మిగిలేది 11 నుంచి 11.8 మధ్య. లెక్క ఇలా గుర్తుపెట్టుకోండి: 100 ప్లాన్‌లో ఒక జీబీ ఫైలు నిమిషంన్నరలో దిగితే లైను సక్రమంగా ఉన్నట్టే.

200 ప్లాన్‌కి మారాను. ఎన్నిసార్లు టెస్ట్ చేసినా 94 దాటదు.

94, 95 దగ్గర ఆగిపోయిందని ఎవరైనా చెబితే నేను ప్లాన్ గురించి అడగను, తీగ గురించి అడుగుతాను. 100 మెగాబిట్ల ఈథర్‌నెట్ పోర్టు నుంచి వాడుకకు మిగిలేది సరిగ్గా అంతే. దారిలో ఎక్కడో ఒక పాత పోర్టు గానీ, దెబ్బతిన్న లాన్ కేబుల్ గానీ ఉందన్నమాట. కేబుల్ లోపల నాలుగు జతల తీగలుంటాయి. గిగాబిట్ వేగానికి నాలుగు జతలూ కావాలి, 100కి రెండు జతలు చాలు. మిగతా రెండు జతల్లో ఒక్క తీగ తెగినా కనెక్షన్ పోదు, చప్పుడు లేకుండా 100కి దిగిపోతుంది. విజయవాడలో మా పిన్ని వాళ్లింట్లో కేబుల్ తలుపు సందులో నలిగి, ఎనిమిది నెలలు 200 ప్లాన్‌కి డబ్బు కట్టి సగమే వాడుకున్నారు. కొత్త కేబుల్ వేయగానే సరిపోయింది. విండోస్‌లో నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో లింక్ స్పీడ్ అని ఉంటుంది. అక్కడ 1000 ఉందా, 100 ఉందా చూడండి.

స్పీడ్ టెస్ట్ సరిగ్గా ఎలా చేయాలి?

ల్యాప్‌టాప్‌ను లాన్ కేబుల్‌తో నేరుగా రౌటర్‌కి కలపండి. వైఫై మీద చేసిన టెస్టు మీ లైనును కాదు, మీ వైఫైని కొలుస్తుంది. ఇప్పటి ల్యాప్‌టాప్‌లు చాలావాటికి లాన్ పోర్టు ఉండటం లేదు. యూఎస్‌బీకి పెట్టుకునే గిగాబిట్ అడాప్టర్ దొరుకుతుంది. అదీ లేకపోతే రౌటర్‌కి రెండు మూడు మీటర్ల దూరంలో, అడ్డేమీ లేకుండా కూర్చుని 5 గిగాహెర్ట్జ్ వైఫై మీద చేయండి. టీవీ ఆపండి, ఫోన్లలో బ్యాకప్ ఆపండి, వీపీఎన్ తీసేయండి.

ఒక్కసారి చేసి వదిలేయకండి. పొద్దున్నే ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి తొమ్మిది పది మధ్య ఒకసారి చేయండి. ప్రతిసారీ వెంటవెంటనే మూడు టెస్టులు చేసి నడిమి అంకె తీసుకోండి. సగటు వద్దు, ఒక్క చెడ్డ అంకె మొత్తాన్ని కిందికి లాగేస్తుంది. ఇలా మూడు రోజులు. తేదీ, టైము, ఏ సర్వర్, డౌన్‌లోడ్, అప్‌లోడ్, పింగ్ ఒక నోట్‌బుక్‌లో రాయండి. స్క్రీన్‌షాట్ కూడా తీసి ఉంచండి. ఈ కాగితం తర్వాత చాలా పని చేస్తుంది.

ఏ టెస్ట్ నమ్మాలి? ఒక్కోటి ఒక్కో అంకె చూపిస్తోంది.

అవన్నీ నిజమే చెబుతాయి, కానీ కొలిచేది వేరువేరు. ఊక్లా వాళ్ల స్పీడ్‌టెస్ట్ 2006 నుంచి ఉంది. అది మామూలుగా దగ్గర్లో ఉన్న సర్వర్‌ను ఎంచుకుని ఒకేసారి చాలా కనెక్షన్లు తెరుస్తుంది. కాబట్టి లైను గరిష్ఠంగా ఎంత మోయగలదో చూపిస్తుంది. నెట్‌ఫ్లిక్స్ 2016లో తెచ్చిన ఫాస్ట్ డాట్ కామ్, వాళ్ల సినిమాలు వచ్చే సర్వర్ల నుంచే కొలుస్తుంది. ఎం-ల్యాబ్ టెస్ట్ ఒకే కనెక్షన్ మీద నడుస్తుంది. క్లౌడ్‌ఫ్లేర్ టెస్ట్ లైను బిజీగా ఉన్నప్పటి ఆలస్యాన్ని కూడా విడిగా చూపిస్తుంది. ఇంట్లో రోజువారీ చూసుకోవడానికి నేను ఎక్కువగా వాడేది ఇదే. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వాళ్లది మైస్పీడ్ అనే యాప్ ఉంది, 2016లో వచ్చింది.

ఊక్లాలో ఒక జాగ్రత్త. చాలాసార్లు మీకు నెట్ ఇచ్చే కంపెనీ సొంత సర్వరే ఎంపికవుతుంది. డేటా వాళ్ల గడప దాటకుండానే టెస్ట్ అయిపోతుంది. సర్వర్ మార్చి, హైదరాబాద్‌లోనే వేరే కంపెనీది ఒకటి, చెన్నైదో ముంబైదో ఒకటి పెట్టి చూడండి. సొంత సర్వర్‌తో 100, మిగతావాటితో 30 వస్తే, ఇబ్బంది మీ కంపెనీ బయటి ప్రపంచంతో కలిసే చోట ఉంది.

రెండు టెస్టుల మధ్య తేడా కూడా ఒక కబురే. చాలా కనెక్షన్ల టెస్టులో 100, ఒకే కనెక్షన్ టెస్టులో 20 వస్తే దారిలో ప్యాకెట్లు పోతున్నాయేమో అనుమానించాలి.

పింగ్, జిట్టర్, ప్యాకెట్ లాస్ అంటే ఏమిటి?

ఆర్టీసీ బస్సుతో చెబుతాను. బస్సులో ఎన్ని సీట్లున్నాయన్నది స్పీడ్. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లి తిరిగి రావడానికి పట్టే టైము పింగ్. ఒక బస్సు అయిదు గంటల్లో, ఇంకోటి ఏడు గంటల్లో చేరితే ఆ నిలకడలేనితనం జిట్టర్. ఎక్కించిన పార్సెల్ అసలు చేరకపోతే ప్యాకెట్ లాస్. సీట్లు పెంచితే బస్సు త్వరగా చేరదు కదా, అలాగే ప్లాన్ పెంచితే పింగ్ తగ్గదు.

పింగ్ అనే చిన్న ప్రోగ్రామ్‌ను 1983లో మైక్ మూస్ రాశారు. జలాంతర్గాములు శబ్దం పంపి ప్రతిధ్వని వినే పద్ధతి నుంచి ఆ పేరు పెట్టారు. నలభై ఏళ్లు దాటినా ఇంతకంటే నమ్మకమైన పనిముట్టు నాకు కనబడలేదు.

ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే దారిలో ప్రతి 100 కిలోమీటర్లకి రానూపోనూ ఒక మిల్లీసెకను. హైదరాబాద్ నుంచి ముంబై నేరుగా సుమారు 620 కిలోమీటర్లు కాబట్టి 6 మిల్లీసెకన్లకి తక్కువ ఎవరూ ఇవ్వలేరు. మధ్యలో పరికరాలు, వంకర దారులు కలిసి 15, 25 వస్తే చాలా బాగున్నట్టు. అదే ఊళ్లోని సర్వర్‌కి 10లోపు ఉండాలి. ప్యాకెట్ లాస్ మాత్రం కేబుల్ మీద సున్నాయే ఉండాలి. ఒక శాతం కూడా నేను ఒప్పుకోను.

గుంటూరు నుంచి డల్లాస్‌లో ఉన్న అబ్బాయికి వీడియో కాల్ చేస్తే ఆగిపోతోంది. అమెరికా దూరం కాబట్టేనా?

దూరం వల్ల ఆలస్యం వస్తుంది, మాట తెగిపోదు. అమెరికాకి పింగ్ 200 దాటడం మామూలే. మాట ఒకవైపు చేరడానికి 150 మిల్లీసెకన్లు దాటకపోతే సంభాషణ సాఫీగానే ఉంటుందని అంతర్జాతీయ టెలికాం సంఘం ప్రమాణం. రానూపోనూ 250 అంటే ఒకవైపు 125, ఆ హద్దులోనే ఉంది. కాబట్టి బొమ్మ ఆగిపోతున్నా, గొంతు తెగుతున్నా కారణం జిట్టరో, ప్యాకెట్ లాసో, మీ అప్‌లోడో. ఇవన్నీ ఎక్కువగా సరిచేయగలిగినవే. అమ్మానాన్నలు ‘అమెరికా కదా, అంతేలే’ అని సర్దుకుపోతుంటే నాకు బాధగా ఉంటుంది. వారానికి ఒక్కసారి మనవరాలి ముఖం చూసే కాల్ అది.

లోపం మా ఇంట్లోనా, వాళ్ల లైన్లోనా? ఎలా తేల్చాలి?

ఈ ఒక్కటీ నేర్చుకుంటే మిగతావన్నీ తేలిక. మీరు మామూలుగా కూర్చునే చోటే, వైఫై మీదే కంప్యూటర్లో రెండు కమాండ్ విండోలు (విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్) తెరవండి. ఒకదాంట్లో మీ రౌటర్‌కి పింగ్ పెట్టండి. దాని అడ్రస్ చాలా ఇళ్లలో 192.168.1.1 లేదా 192.168.0.1 ఉంటుంది. రెండోదాంట్లో గూగుల్ సర్వర్ 8.8.8.8కి పెట్టండి. రెండూ ఆగకుండా పది నిమిషాలు నడవనివ్వండి. ఫోన్లో చేయాలంటే పింగ్ యాప్‌లు ఉచితంగానే దొరుకుతాయి.

రౌటర్‌కి పోయి వచ్చేది ఒకటి నుంచి అయిదు మిల్లీసెకన్లలో అయిపోవాలి. అదే 80, 200, మధ్యలో టైమవుట్ అని గెంతుతుంటే లోపం మీ వైఫైలో ఉంది. అప్పుడు కస్టమర్ కేర్‌కి ఎన్నిసార్లు ఫోన్ చేసినా లాభం లేదు. రౌటర్‌కి నిలకడగా 2 ఉండి, 8.8.8.8 మాత్రం గెంతుతుంటే లోపం గోడ బయట ఉంది. రెండూ బాగుండి ఒక్క యాప్ మాత్రమే మొరాయిస్తే ఇబ్బంది ఆ యాప్ సర్వర్‌లో ఉందనుకోండి, అరగంట ఆగి చూడండి.

గత ఏడాది మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన మూడు నెలల్లో రెండు కంపెనీలు మార్చారు. రెండింటిలోనూ అదే కథ. ఈ రెండు విండోల పరీక్ష చేస్తే రౌటర్ పింగే 300 దాకా పోతోంది. రౌటర్ ఇనప బీరువా వెనకాల ఉంది!

హాల్లో 95 వస్తోంది, పడగ్గదిలో 12. ఏం చేయాలి?

ముందు రౌటర్ ఎక్కడుందో చూడండి. కనెక్షన్ ఇచ్చేవాళ్లు తీగ ఎక్కడ లోపలికి వస్తే అక్కడే, గుమ్మం పక్కన, మీటర్ల దగ్గర బిగించి వెళ్లిపోతారు. ఇల్లంతటికీ మధ్యలో, మనిషి భుజమంత ఎత్తులో, గాలి తగిలే చోట ఉండాలి. ఇనప బీరువా, ఫ్రిజ్, పెద్ద అద్దం, చేపల తొట్టి, ఇనప చువ్వలున్న కాంక్రీటు గోడ, ఇవి సిగ్నల్‌ని మింగేస్తాయి. మన స్లాబు ఇళ్లలో పై అంతస్తుకి ఒక రౌటర్‌తో సరిపెట్టడం కష్టం.

వైఫైకి మామూలుగా రెండు బ్యాండ్లు ఉంటాయి. 2.4 గిగాహెర్ట్జ్ దూరం పోతుంది, కానీ పక్క ఫ్లాట్ల వైఫై, బ్లూటూత్, వంటింట్లో మైక్రోవేవ్ అన్నీ అందులోనే కొట్టుకుంటాయి. ఒకదానికొకటి అడ్డురాని ఛానళ్లు అందులో 1, 6, 11 మాత్రమే. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది, గోడ దాటేసరికి నీరసిస్తుంది. పాత ఫోన్లు, చవక ల్యాప్‌టాప్‌లు కొన్ని 2.4 మాత్రమే పట్టుకుంటాయి. వాటిలో 40 దాటకపోతే అది లైను తప్పు కాదు.

ఒకే ఫోన్‌తో నాలుగు గదుల్లో టెస్ట్ చేసి ఇంటి బొమ్మ గీసి అంకెలు రాసుకోండి. ఎక్కడ పడిపోతోందో అప్పుడు కళ్లకి కడుతుంది. రెండో రౌటర్ పెట్టాలనుకుంటే దానికి లాన్ కేబుల్ లాగండి. మామూలు వైఫై రిపీటర్ విన్నదే మళ్లీ చెబుతుంది కాబట్టి వేగం సగం అయిపోతుంది. గోడ తొలవడం ఇబ్బందే, కానీ పదేళ్లు పనికొస్తుంది.

టెస్టులో 100 వస్తోంది. కానీ ఎవరైనా ఫైలు పంపితే నా వీడియో కాల్ ముక్కలైపోతోంది. ఎందుకు?

దీని పేరు బఫర్‌బ్లోట్. ఇళ్లలో ఎక్కువమందిని బాధించేది, తక్కువమందికి తెలిసినది ఇదే కాబట్టి కాస్త ఎక్కువ చెబుతాను.

రౌటర్‌లో, ఫైబర్ పెట్టెలో ప్యాకెట్లు నిలబడే క్యూ ఉంటుంది. ఫోన్ ఫొటోలను బ్యాకప్‌కి పంపడం మొదలుపెడితే ఆ క్యూ నిండిపోతుంది. మీ మాట మోసే చిన్న ప్యాకెట్టు వచ్చి వేల ప్యాకెట్ల వెనక నిలబడుతుంది. ఒక్క ప్యాకెట్ కూడా పారేయకూడదనే ఉద్దేశంతో తయారీదారులు క్యూలను పెద్దవి చేసుకుంటూ పోయారు. దానివల్ల 15 ఉన్న పింగ్ 400, 800 అయిపోతుంది. జిమ్ గెటిస్ అనే ఇంజినీరు 2010 ప్రాంతంలో తన ఇంటి లైను మీదే దీన్ని గమనించి వెంటబడి పేరు పెట్టారు. క్యాథ్లీన్ నికోల్స్, వాన్ జేకబ్‌సన్ 2012లో కోడెల్ అనే పరిష్కారం ఇచ్చారు. ప్యాకెట్టు క్యూలో ఎంతసేపు నిలబడిందో చూసి, ఆలస్యం పేరుకుంటుంటే పంపేవాడికి తగ్గమని సంకేతం ఇచ్చే పద్ధతి అది. దాన్ని మామూలు ఇళ్ల రౌటర్లకి చేర్చడానికి ఏళ్ల తరబడి పనిచేసిన డేవ్ టాట్ 2025లో కన్నుమూశారు. ఇంటి నుంచి పని చేసుకునే మనలాంటివాళ్లం ఆయనకి చాలా రుణపడి ఉన్నాం.

కొలవడం తేలిక. 8.8.8.8కి పింగ్ నడుస్తుండగా పెద్ద వీడియో ఒకటి అప్‌లోడ్ పెట్టండి. ఖాళీగా ఉన్నప్పటి పింగ్‌కి 30 లోపు కలిస్తే బాగుంది. 100 కలిస్తే కాల్ ఇబ్బంది పడుతుంది. 300 కలిస్తే కాల్ చేయలేరు. క్లౌడ్‌ఫ్లేర్, ఊక్లా టెస్టుల్లో కూడా డౌన్‌లోడ్, అప్‌లోడ్ జరిగేటప్పటి పింగ్ విడిగా కనిపిస్తుంది. 2021 తర్వాతి మ్యాక్ కంప్యూటర్లలో దీన్ని కొలిచే ఆదేశం లోపలే ఉంది.

సరిచేయడానికి రౌటర్ సెట్టింగ్స్‌లో ఎస్‌క్యూఎం (ఆ క్యూను అదుపులో పెట్టే ఏర్పాటు) అని ఉందేమో చూడండి. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించుకోగల రౌటర్లలో ఉంటుంది. కొలిచిన స్పీడ్‌లో 85 నుంచి 90 శాతం అక్కడ పెట్టాలి. పది శాతం వదులుకుంటున్నామని బాధపడకండి, బదులుగా నిలకడైన లైను వస్తుంది. ఆ సౌకర్యం లేని రౌటరైతే ఫోన్ల బ్యాకప్‌ని అర్ధరాత్రికి మార్చండి. మా చెల్లి ఉద్యోగం ఇంటర్వ్యూ రోజున నేను చేసింది అదొక్కటే, గంటసేపు ఒక్క మాట తెగలేదు.

పొద్దున బాగుంటుంది, రాత్రి తొమ్మిదికి పడిపోతుంది.

కేబుల్‌తో కొలిచినా అలాగే ఉంటే అది రద్దీ. ఇళ్లకి వచ్చే జీపాన్ రకం ఫైబర్‌లో సుమారు 2.5 గిగాబిట్లను 32 లేదా 64 ఇళ్లు పంచుకుంటాయి. అందరూ ఒకేసారి గరిష్ఠంగా వాడరు కాబట్టి అక్కడ ఇరుకు రావడం తక్కువే. చిన్న ఆపరేటర్ పైనుంచి కొనుక్కున్న బ్యాండ్‌విడ్త్ చాలకపోతే మాత్రం రాత్రి వేళ అందరికీ తగ్గుతుంది. మీ నోట్‌బుక్‌లో పొద్దున 95, రాత్రి 30 అని మూడు రోజులు వరసగా ఉంటే ఆపరేటర్ కాదనలేడు.

రోజంతా తక్కువగా ఉండి, బిల్లు తేదీ రాగానే బాగుపడితే అది రద్దీ కాదు, ఎఫ్‌యూపీ, అంటే నెల డేటా హద్దు దాటితే స్పీడ్ తగ్గించే నియమం. అపరిమితం అని రాసినా నెలకి 3300 జీబీ వంటి హద్దు చాలా ప్లాన్లలో ఉంటుంది.

ఫైబర్ పెట్టె మీద ఎర్ర లైటు వెలుగుతోంది.

LOS అని రాసిన లైటు ఎర్రగా కొట్టుకుంటే కాంతి మీ ఇంటికి చేరడం లేదు. రీస్టార్ట్ చేసి లాభం లేదు, లైన్‌మన్ రావాల్సిందే.

లైటు బాగున్నా తరచూ తెగిపోతుంటే పెట్టె సెట్టింగ్స్ పేజీలో ఆప్టికల్ పవర్ చూడండి. డీబీఎం అనే కొలతలో మైనస్ అంకె ఉంటుంది. మైనస్ 15 నుంచి మైనస్ 23 మధ్య ఉంటే నిశ్చింత. మైనస్ 27 దాటి కిందికి పోతే పెట్టె సిగ్నల్ చదవలేదు. 3 తగ్గితే కాంతి సగమైనట్టు లెక్క. నిన్న మైనస్ 19, ఇవాళ మైనస్ 25 అంటే ఎక్కడో తీగ బాగా వంగింది, లేదా అతుకు చెడింది. ఆంధ్రప్రదేశ్‌లో 2017 డిసెంబరులో మొదలైన ఏపీ ఫైబర్‌నెట్ ఎక్కువగా కరెంటు స్తంభాల మీదుగా లాగారు. తెలంగాణలో టీ-ఫైబర్‌కి మిషన్ భగీరథ పైపుల కందకాలు వాడుకున్నారు. స్తంభం మీది తీగకి గాలివాన గండం, భూమిలోని తీగకి తవ్వకాల గండం. తీగ మంచిగా ఉన్న రోజున అంకె రాసి పెట్టుకుంటే, చెడిన రోజున పోల్చుకోవచ్చు.

మా ఇంటికి ఎంత స్పీడ్ చాలు?

నెట్‌ఫ్లిక్స్ లెక్క ప్రకారం ఫుల్ హెచ్‌డీకి 5, 4కే సినిమాకి 15 ఎంబీపీఎస్. వీడియో కాల్‌కి మూడు నాలుగు చాలు, కానీ అది అప్‌లోడ్‌లోనూ కావాలి. నలుగురున్న ఇంటికి రెండువైపులా 50 ఉండి నిలకడగా వస్తే చాలని నా అభిప్రాయం. 300కి పోయే ముందు ఆ డబ్బు మంచి రౌటర్ మీద పెట్టండి. మన దేశంలో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి కనీస వేగం 2023 జనవరిలో 2 ఎంబీపీఎస్‌కి పెంచారు, అంతకుముందు 512 కేబీపీఎస్. అమెరికాలో 2024లో దాన్ని డౌన్‌లోడ్‌కి 100, అప్‌లోడ్‌కి 20 చేశారు. మనది ఇంకా చాలా పెరగాలి.

డీఎన్‌ఎస్ మారిస్తే స్పీడ్ పెరుగుతుందా?

పెరగదు. డీఎన్‌ఎస్ అంటే వెబ్‌సైటు పేరుని అంకెల అడ్రస్‌గా మార్చే సేవ. 1.1.1.1 గానీ 8.8.8.8 గానీ పెడితే పేజీ తెరుచుకోవడం కాస్త ముందు మొదలవుతుంది, అంతే.

కొలిచాం, లోపం వాళ్లదేనని తేలింది. ఫిర్యాదు ఎలా చేయాలి?

‘నెట్ స్లోగా ఉంది’ అని చెబితే రౌటర్ ఆపి ఆన్ చేయమంటారు. ఇలా చెప్పండి: ‘లాన్ కేబుల్ మీద, మూడు రోజులు, రాత్రి తొమ్మిదికి 30 వస్తోంది. ప్లాన్ 100. రౌటర్ పింగ్ 2, బయటికి ప్యాకెట్ లాస్ 4 శాతం. ఆప్టికల్ పవర్ మైనస్ 26.’ విన్నవాళ్లు వెంటనే టెక్నీషియన్‌కి అప్పగించడం చాలాసార్లు చూశాను. డాకెట్ నంబర్ (ఫిర్యాదు నమోదు సంఖ్య) తప్పకుండా తీసుకోండి. అది లేకపోతే మీరు ఫిర్యాదు చేసినట్టే కాదు.

పరిష్కారం కాకపోతే, లేదా జవాబు నచ్చకపోతే, అదే కంపెనీలో అప్పీళ్లు వినే అప్పిలేట్ అథారిటీకి వెళ్లవచ్చు. 2012 నాటి ట్రాయ్ నిబంధనల ప్రకారం అప్పీలు వేయడానికి 30 రోజుల గడువు ఉంటుంది, డబ్బు కట్టక్కర్లేదు. ఒక్కొక్కరి ఫిర్యాదులను ట్రాయ్ నేరుగా తీసుకోదు కాబట్టి అక్కడికి రాసి ఎదురుచూడకండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. వినియోగదారుల కమిషన్‌కి కూడా వెళ్లవచ్చు, టెలికాం సేవల మీద అక్కడ కేసు వేయవచ్చని 2022లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఎక్కడికి వెళ్లినా ఆ నోట్‌బుక్, స్క్రీన్‌షాట్లు, డాకెట్ నంబర్లు, బిల్లులు వెంట ఉండాలి. మా వీధిలో ఒక టీచరు గారు నోట్‌బుక్‌లో తొమ్మిది అంకెలు చూపించి నెల బిల్లులో సగం వెనక్కి తెచ్చుకున్నారు, మర్నాడే స్తంభం మీది అతుకు కూడా మార్చారు.